దీపం లేని తొమ్మిది ఇళ్లు

ఫాల్గుణం, సోమవారం

చలువ కేంద్రంలో ఉదయం షిఫ్టు. నేను వచ్చేసరికి కుళ్లాయప్ప రెండో యంత్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, జ్వరం చూస్తున్నట్టు దాని ఒంటికి చెయ్యి ఆనించి ఉన్నాడు.

"దగ్గుతాండాది సుంకమ్మా," అన్నాడు. "ఎండలింకా ముదరనే లేదు. ఇప్పుడే దగ్గితే వైశాఖంలో యాడ నిలబడతాది?"

ఇద్దరం జల్లెడలు విప్పి ఎర్రదుమ్ము దులిపాం. దగ్గు కాస్త తగ్గింది కానీ పోలేదు. లోపల బేరింగు అరిగిపోయింది. కొత్తది కావాలని ఊరి సభను అడిగి చాలా కాలమైంది. నేను రాసేది రాసినట్టు చలువ కేంద్రం గేటు బయటి తెర మీద కనిపిస్తుంది కదా, చదివేవాళ్లలో ఎవరికైనా సభ్యులు ఎదురుపడితే ఆ బేరింగు సంగతి గుర్తుచేయండి.

మధ్యాహ్నం కూత మోగింది. వీధుల్లో ఉన్నవాళ్లంతా తలల మీద తడిగుడ్డలతో ఇళ్లలోకి పరుగెత్తారు. మా ఊరు ఎర్రదిన్నెలో కూత తర్వాత బయట నిలబడిన మనిషి సాయంత్రానికి బతికి ఉంటాడన్న నమ్మకం లేదు. మేం యంత్రాల గదిలోనే జొన్నరొట్టెలు తింటూ వీధి మైకులో సభ విన్నాం. అధ్యక్షుడు భీమలింగప్ప గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది.

"సభ్యుల భద్రతను దృష్టిలో ఉంచుకుని, సభ్యుల ఇళ్లకు గుమ్మం దీపం నుంచి మినహాయింపు ఇవ్వడమైనది. పనిమీద ఆ ఇళ్లలోకి వెళ్లినవారు అక్కడ చూసిన విషయాలు బయట చెప్పరాదు, రాయరాదు. సమ్మతమేనా?"

తొమ్మిది గొంతులు వరసగా "సమ్మతం" అన్నాయి. ఎవరూ ప్రశ్న అడగలేదు. వెంటనే తర్వాతి విషయానికి వెళ్లిపోయారు, పశువుల నీడపందిళ్ల గురించి.

కుళ్లాయప్ప నోట్లో రొట్టె నమలకుండానే నావైపు చూశాడు. "దీపముంటే వాళ్ల భద్రతకేమైతాది? అదేమన్నా తేలా కుట్టనీకి?"


ఫాల్గుణం, మంగళవారం

దీపాలు తీసే పని నాకే పడింది. వీధి పైపులూ గుమ్మాల దీపాలూ చూసేది నేనే కాబట్టి వేరే దారి లేదు.

బయలు చట్టం మా అమ్మ చిన్నప్పుడు వచ్చింది. కేంద్రంలో పుట్టి పైపుల్లో ఇళ్లకు చేరే చలువ ఊరందరిదీ, కాబట్టి ఎవరెంత వాడుతున్నారో అందరికీ కనిపించాలి. వాటాలోపల వాడే ఇంటి గుమ్మం మీద దీపం తెల్లగా వెలుగుతుంది, మించి వాడితే ఎర్రగా. ఒక ఇంట్లో ఎక్కువ వాడితే చివరి వరుసలో ఇంకెవరో ఉడికిపోతారు. అందుకే మేం ఎవరం ఆ దీపాన్ని తప్పుపట్టలేదు. దానికింద పుట్టి, దానికిందే పెరిగాం.

నిచ్చెన వేసుకుని ఒక్కొక్క సభ్యుడి గుమ్మం ఎక్కుతుంటే జనం నిలబడి చూశారు. కొందరు నన్నే అడిగారు, "నీకి చేతులెట్ల వస్తాండాయి సుంకమ్మా?" అని. నిచ్చెన ఎత్తుకుని తర్వాతి గుమ్మానికి నడిచాను. చివరికి భీమలింగప్ప ఇల్లు. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు కానీ నా ముఖం చూడలేదు. దీపం విప్పి చేతికిస్తే తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మా ఇంటి దీపం అప్పట్లో ఎర్రబడ్డ సంగతి ఈ తెర చదివే అందరికీ తెలుసు. మా ఆయన చౌడప్ప ఎండలో పైపులు వేస్తూ పడిపోయాక ఆయన ఒంటికి చెమట పట్టడం మానేసింది. పొడిజబ్బు అంటాం దాన్ని. అలాంటి ఒంటికి ఎండాకాలంలో వాటా చలువ చాలదు. దీపం రోజూ ఎర్రగానే వెలిగేది. పక్కింటావిడ మాబున్ని ఒకరోజు చంటిబిడ్డను ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చి, "మా బిడ్డ ఉడికిపోతాండాదక్కా. మీకి యాల అంత చలువ?" అని ఏడ్చింది. ఆమె చెడ్డది కాదు. బిడ్డ ఒళ్లు నిజంగానే కాలిపోతోంది.

సభకు వెళ్లి అదనపు వాటా అడిగాను. భీమలింగప్ప అందరూ వింటుండగా మైకులోనే చెప్పాడు. "చట్టం అందరికీ ఒక్కటేనమ్మా. నీకొక్కదానికి సడలిస్తే రేపు ఊరంతా వరస కడతారు." సభలో అందరూ చప్పట్లు కొట్టారు. న్యాయంగా మాట్లాడాడని వీధుల్లో కూడా మెచ్చుకున్నారు.

ఆ వారంలోనే నేను డ్యూటీలో ఉన్నప్పుడు చౌడప్ప మంచం దిగి, గోడ పట్టుకుని వెళ్లి, చలువ మర తనే తిప్పి తగ్గించుకున్నాడు. నేను ఇంటికి వచ్చేసరికి దీపం తెల్లగా వెలుగుతోంది. ఆయన ఒంట్లో ప్రాణం లేదు.


చైత్రం, గురువారం

పండుగ పోయిన మర్నాడు ఎవరో మొదలుపెట్టారు. బజారు వీధిలో ఒక ఇంటి దీపానికి నల్లగుడ్డ కట్టి ఉంది. సాయంత్రానికి ఆ వీధంతా కట్టేశారు. ఇవాళ ఊళ్లో సగానికి పైగా దీపాలు కనిపించడం లేదు. గుడ్డ లేనివాళ్లు గోనె కట్టారు. ఒకాయన బోర్లించిన చిప్ప తగిలించాడు.

కూడలిలో జనం నిలబడి మాట్లాడుకుంటున్నారు. అరుపులు లేవు. కానీ ఇంత కోపం ఈ ఊళ్లో నేనెప్పుడూ చూడలేదు.

"మా బతుకు గుమ్మం మీద వేలాడదీసి, వాళ్ల బతుకు గుమ్మం ఎనక దాచుకుంటారా?"

"లోపల దుప్పటి కప్పుకుని పడుకుంటాండారంట."

"నువ్వు చూస్తివా?"

"చూడనీకి దీపం యాడుండాది?"

సభ మైకులో సమాధానం చెప్పింది. గుడ్డలు కట్టడం చట్టవిరుద్ధమట, ప్రజలు సహకరించాలట. మైకు కింద నిలబడ్డ ఒక ముసలాయన "మాకూ భద్రతేనప్పా!" అని పైకి చూసి గట్టిగా అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

నవ్వుకుంటూ కేంద్రానికి వస్తే కుళ్లాయప్ప నవ్వడం లేదు. కొలత ముల్లు చూపించాడు. చలువ వాడకం పైకి పోతోంది. గుడ్డ కట్టిన ఇళ్లలో కొన్ని నిజంగానే ఎక్కువ లాగుతున్నాయి.


చైత్రం, ఆదివారం

రెండో యంత్రం ఆగిపోయింది. ఆగే ముందు పెద్దగా చప్పుడు కూడా చేయలేదు. మొదటిదాని మీదే ఊరు నడుస్తోంది.

చివరి వరుసకు చలువ అందడం లేదు. ఆ వరుసలోనే నా ఇల్లూ, మాబున్ని ఇల్లూ. మాబున్ని చిన్నకూతురు కళ్లు తేలేస్తే ఎత్తుకుని కేంద్రానికే తెచ్చాం. పైపుల మధ్య నేల చల్లగా ఉంటుంది, అక్కడ పడుకోబెట్టాం. సాయంత్రానికి లేచి నీళ్లు అడిగింది. చివరి వరుసలో ముసలివాళ్లనూ పిల్లలనూ బడి నేలమాళిగలోకి మార్చాం. అక్కడ కూడా ఎక్కువమంది పట్టరు.

బజారు వీధిలో ఇంటింటికీ వెళ్లి బతిమాలాను. "గుడ్డ ఉంటే ఉండనీ, మర మాత్రం తగ్గించండ్రి. చివర్లో జనం పోతారు." చాలామంది తగ్గించారు. ఒకాయన తలుపుకి అడ్డం నిలబడి, "ముందు ఆ తొమ్మిదిండ్లలో తగ్గించి రాపో," అన్నాడు.

"ఆడ ఎంత వాడుతాండారో నాకి తెలీదన్నా."

"అదే నేను చెప్పేది," అన్నాడు.

అతను చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు. అందరూ అలాగే అనుకుంటే మాత్రం మొదటి యంత్రం కూడా వైశాఖం చూడదు.


చైత్రం, బుధవారం

ఉదయం ఒక ఇంటికి మరమ్మతుకు వెళ్లాను. దీపం లేని ఇల్లు. ఎవరిదో, లోపల ఏం చూశానో రాయకూడదు. పైపు అతుకు దగ్గర కారుతుంటే బిగించాను. తిరిగి వచ్చాను.

చట్టం నన్ను రాయవద్దన్నది ఇంతవరకే. నాకు కోపం వచ్చిందని రాయవచ్చు అనుకుంటాను. ఆ కోపం వెనకాలే ఇంకొకటి కూడా వచ్చింది. దానికి పేరు పెడితే ఏం చూశానో తెలిసిపోతుంది.

సాయంత్రం గేటు దగ్గర పైన రాసింది చదివి జనం నన్ను నిలేశారు. ఎవరిల్లు, ఏం చూశావు, దుప్పట్లు కప్పుకుని పడుకున్నారా అని. చెప్పలేనన్నాను.

"నువ్వు కూడా వాళ్ల మనిషివైపోతివా సుంకమ్మా?" అని ఒకామె అడిగింది. తిట్టినట్టు కాదు, బాధపడినట్టు అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది.

కుళ్లాయప్ప అడగలేదు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం, "ఏం చూసినావో అది నిన్ను తింటాండాది. ముఖం చూస్తే తెలుస్తాండాది," అన్నాడు.


చైత్రం, శనివారం

ఈ రాత భీమలింగప్పగారి భార్య ఈరమ్మ రాయమంటే రాస్తున్నాను. ముందు ఆమెకు చదివి వినిపించాను. సరే అన్నాకే తెర మీద పెట్టాను. ఆమె ఇంటి సంగతి చెప్పే హక్కు ఆమెకుందని నా నమ్మకం. కాదంటే సభ నన్ను పిలిపించవచ్చు.

బుధవారం నేను వెళ్లింది వాళ్లింటికే. వెనకగది గోడకు చెయ్యి ఆనించగానే వేళ్లు జివ్వుమన్నాయి. చౌడప్పకు అలాంటి గది కావాలని నేను అడిగాను. మంచం మీద తడిదుప్పటిలో ఈరమ్మ ఉంది. పెదాలు పగిలి, చేతుల మీద చర్మం పాతగోడ సున్నంలా పెచ్చులు లేచి ఉంది. ఆ చర్మం నాకు తెలుసు. రెండు ఎండాకాలాలు దానికి నూనె రాశాను. భీమలింగప్ప తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతుకు బిగించి వచ్చేశాను.

ఇవాళ మళ్లీ కబురు వచ్చింది, పైపు కారుతోందని. వెళ్లి చూస్తే కారడం లేదు. భీమలింగప్ప సభకు వెళ్లాడు. ఈరమ్మ నన్ను మంచం పక్కన కూర్చోమంది.

"నువ్వు చౌడప్ప భార్యవి గదా."

"అవునమ్మా."

"ఆ దినం నేను మైకులో వింటి. మా ఆయప్ప నీకి లేదనె." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నాకొచ్చినాక ఉండాదనె."

జారిన తడిదుప్పటి ఆమె భుజం మీదికి లాగాను.

"దీపం తీసేసినారంటే అందరూ కలిసి ఏదో భయంతో తీసినారనుకుంటి. భద్రత అనే నాకూ చెప్పినాడు. మొన్న నువ్వొచ్చి గోడ ముట్టుకుని, నన్ను చూసి, ఒక్కమాట అనకుండా పోతివే, అప్పుడు తెలిసె నాకి. నాకోసరమని. నీకి కోపముండాదా నామీద?"

అబద్ధం చెప్పవచ్చు. కానీ ఆమె చూపు నిజం అడుగుతోంది.

"మీమీద లేదమ్మా. ఈ గదిలో కూర్చుంటే ఉండాది. ఈ చలువ ఒంటికి తగుల్తాంటే ఉండాది."

ఆమె తల ఊపింది. "దీపం పెట్టెలో దాచినాడు. తీసి బిగించు," అంది.

"ఎర్రగా వెలుగుతాది."

"వెలగనీ."

"జనమొస్తారమ్మా. గుమ్మంలో నిలబడతారు. ఏమేమో అంటారు. అవన్నీ నేను పడినాను."

"నువ్వు పడినావు గదా. నేను పడితే ఏమి?"

అప్పుడు నేను ఒక్క షరతు పెట్టాను. "దీపం బిగిస్తా. కానీ ఎవరేమన్నా మీరు మర ముట్టుకోకూడదు. చలువ ఒక్క పిసరు తగ్గించకూడదు. నాకి మాటియ్యండి."

ఎందుకు అడుగుతున్నానో ఆమెకు అర్థమైంది. మంచం మీంచి చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. కాగితంలా పొడిగా ఉంది ఆ చెయ్యి.

రేపు ఉదయం బిగిస్తాను.


చైత్రం, ఆదివారం

ఎండ ఇంకా పైకి రాకముందే నిచ్చెన తీసుకుని వెళ్లాను. నిన్నటి రాత ఊళ్లో చాలామంది చదివినట్టుంది. నా వెనకాలే జనం నడిచారు.

నేను నిచ్చెన మీద ఉండగా భీమలింగప్ప బయటికి వచ్చాడు. రాత్రంతా పడుకోని ముఖం.

"దిగు సుంకమ్మా. లోపలికి పోయి మాట్లాడుకుందాం."

"ఈడే మాట్లాడుకుందామన్నా."

గొంతు తగ్గించి, "ఆయమ్మని జనానికి చూపించల్లనా? తోలుబొమ్మ మాదిరి?" అన్నాడు.

"మా ఆయప్పని చూసినారు. ఈ ఊరోళ్లే, ఇట్లనే, గుమ్మంలో నిలబడి."

ఆయన నిచ్చెన కాలు పట్టుకున్నాడు, లాగడానికి కాదు, నిలబడటానికి. "నన్నేం చేయమంటావు చెప్పు. వాటా పెంచుదామంటే పెండ్లాం కోసరం పెంచుకునె అంటారు. పెంచకుంటే ఆయమ్మ బతకదు. అందుకే..."

"అందుకే దీపమే తీసేస్తిరి."

"అవును."

"జబ్బుండే అందరికీ పెంచింటే సరిపోయేది గదన్నా."

నిచ్చెన కాలు వదిలేశాడు. తర్వాత, "తోచలేదు," అన్నాడు. "నిజంగా తోచలేదు."

నేను నమ్మాను. నమ్మడం వల్ల కోపం తగ్గలేదు, పెరిగింది.

తీగ కలిపాను. దీపం వెలిగింది. పగటి వెలుతురులో కూడా నిప్పుకణికలా ఎర్రగా కనిపించింది. వెనక నుంచి ఒక్కసారి పెద్ద గోల లేచింది. చదివినవాళ్లు ఊరుకున్నారు, చదవనివాళ్లు ముందుకు తోసుకు వచ్చారు. "చూడండ్రి, ఎంత మింగుతాండారో!" అని ఎవరో అరిచారు. ఒక రాయి వచ్చి తలుపుకు తగిలింది. ఇంకొకడు రాయి ఎత్తడం నిచ్చెన మీంచి కనిపించింది.

తలుపు తెరుచుకుంది. ఈరమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తడిదుప్పటి ఈడ్చుకుంటూ వస్తోంది. ఎండ ముఖాన పడగానే కళ్లు మూసుకుంది.

"నేనే," అంది. "ఎక్కువ వాడుకుంటాండేది నేనే. నన్నడగండి."

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినిపించింది, ఎందుకంటే అప్పటికే అందరూ ఆమె చేతుల వైపు చూస్తున్నారు. ఈ ఊళ్లో ఆ చర్మాన్ని ఎరగనివాళ్లు లేరు. రాయి ఎత్తినవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

నేను నిచ్చెన దిగేలోపే మాబున్ని జనంలోంచి వచ్చేసింది. తన తలమీది తడిగుడ్డ తీసి ఈరమ్మ తలమీద కప్పి, నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"లోపలికి పా అక్కా. ఎండలో నిలబడకూడదు నువ్వు."

లోపల పడుకోబెట్టి బయటికి వచ్చింది. నా ముందు ఆగింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"సరే. ఈ ఇంట్లో జబ్బుండాది. మిగతా ఎనిమిదిండ్లలో ఎవరికుండాది?"


వైశాఖం, మంగళవారం

ఎవరూ రాళ్లు తీసుకెళ్లలేదు. తెల్లవారగానే ఎనిమిది ఇళ్ల ముందూ జనం వచ్చి కూర్చుంటున్నారు. కూత మోగితే లేచి ఇళ్లకు వెళుతున్నారు, ఎండ తగ్గాక మళ్లీ వచ్చి కూర్చుంటున్నారు. ఆడవాళ్లు శనక్కాయలు వలుచుకుంటున్నారు. లోపల ఉన్నవాళ్లు బయటికి వస్తే దారి ఇస్తున్నారు. దీపం ఎప్పుడు పెడతావని తప్ప వేరే మాట అడగడం లేదు.

నిన్న ఒక సభ్యుడు తనే నన్ను పిలిచాడు. ఇవాళ ఇంకొకాయన. ఇద్దరి ఇళ్లలోనూ దీపం తెల్లగానే వెలిగింది. వాళ్లు మరీ తలవంచుకున్నారు. దాచుకోవడానికి ఏమీ లేకుండానే దాక్కున్నారు మరి.

"అందరూ సమ్మతమంటాంటే నేనూ అంటి," అని ఒకాయన గొణిగాడు.

అది చూసి మిగతా ఆరుగురూ ఇవాళే బిగించనిచ్చారు, ఆ ఇళ్లలో ఎర్రదీపాలే ఎక్కువ. ఒకరింట్లో ప్రతి గదిలోనూ చలువ పెట్టించారు, మనుషులు లేని గదుల్లో కూడా. అన్నిటికంటే ఎర్రగా ఓబులపతి ఇల్లు వెలిగింది. వాళ్లింట్లో పొడిజబ్బు ఉన్నవాళ్లు లేరు. పెరట్లో గోడలకు మందంగా పూత వేసిన కొట్టం ఉంది, లోపల బండలాగుడు గిత్తల జత. దీపం బిగించాక పైపు ఎక్కడికి పోతోందో చూడటానికి వెళితే అవి హాయిగా నెమరువేస్తూ నా వైపు చూశాయి. మా చివరి వరుసలో ఎవరూ అంత సుఖంగా లేరు.

"మూగజీవాలు గదప్పా," అన్నాడు ఓబులపతి. "వాటికి నోరు లేదు, అడగలేవు."

నిచ్చెన పట్టుకున్న కుళ్లాయప్ప అన్నాడు, "మాకి నోరుండాది. అందుకే అడుగుతాండాం."

జనం నవ్వారు. ఆ నవ్వు ఆగాక ఎవరూ ఇంకో మాట అనకుండా ఓబులపతి కొట్టం పైపు నాచేత మూయించారు. గిత్తలను ఊరి నీడపందిట్లోకి తోలుకెళ్లారు. అక్కడ మిగతా పశువులూ ఉన్నాయి.

ఆ మినహాయింపు భీమలింగప్ప తన ఇంటికోసం తీసిన దారి. ఆ దారిలో గిత్తలు కూడా నడిచి వెళ్లాయి.

సాయంత్రం ఇంటికి వచ్చే దారిలో బజారు వీధి దీపాలకు కట్టిన గుడ్డలు కొన్ని విప్పేసి ఉన్నాయి. నన్ను తలుపుకి అడ్డం నిలబడి వెనక్కి పంపినాయన కుర్చీ వేసుకుని తన గుమ్మం చిప్ప తీస్తున్నాడు. నన్ను చూసినా పని ఆపలేదు. చిప్ప తీసి లోపలికి వెళ్లాడు.


వైశాఖం, శుక్రవారం

వాడకం దిగింది. ఒక్క యంత్రమే అయినా చివరి వరుసకు చలువ అందుతోంది. బడిలో ఉన్నవాళ్లు ఇళ్లకు చేరారు. ఓబులపతి ఇంట్లో వృథాగా పడి ఉన్న చలువ సరంజామాలోంచి బేరింగు ఒకటి కుళ్లాయప్ప తెచ్చాడు. సరిగ్గా సరిపోలేదు, సానబట్టాం. రెండో యంత్రం తిరుగుతోంది. దగ్గడం లేదు కానీ మూలుగుతోంది. ఈ ఎండాకాలం దాటిస్తుందనుకుంటున్నాను.

సభ మైకులో మినహాయింపు రద్దయింది. ఈసారి తొమ్మిది గొంతుల్లో కొన్ని చాలా చిన్నగా "సమ్మతం" అన్నాయి.

తర్వాత తెల్లదీపం వెలిగిన ఆ ఇద్దరిలో ఒకాయన లేచి, పొడిజబ్బు ఉన్న ఇళ్లకు అదనపు వాటా ఇద్దామని, దానికోసం ఊళ్లో అందరి వాటా కాస్త తగ్గిద్దామని అన్నాడు. తగ్గించడం అనగానే ఎవరో ఒకరు అడ్డుపడతారని చూశాను. వీధిలోకి కూడా చెవి పెట్టాను. కేంద్రం ఎదురింటి కిటికీలోంచి మాబున్ని గొంతు మాత్రం వినిపించింది. "తగ్గించండ్రి, ఏం కాదు."

చట్టం అయిపోయింది. నేను అడిగి చెప్పించుకున్న "లేదు" కంటే తక్కువసేపట్లో అయింది. ఏడుపు రాలేదు. కానీ చేతిలో రొట్టె తినలేకపోయాను. కుళ్లాయప్ప చూసి, నా రొట్టె గుడ్డలో కట్టి పక్కన పెట్టి, యంత్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

చివర్లో భీమలింగప్ప మాట్లాడాడు. కుటుంబ కారణాల వల్ల అధ్యక్ష పదవి నుంచీ సభ నుంచీ తప్పుకుంటున్నట్టు చెప్పాడు. కుటుంబ కారణాలు అన్నాడు, అంతే.


జ్యేష్ఠం, సోమవారం

నిన్న ఒక వాన పడింది. నేల తడిసేలోపే ఆగిపోయింది కానీ గాలి మారింది.

అదనపు వాటా పైపులు వేస్తున్నాం. ఈరమ్మ ఇంటికి ముందు వేద్దామంటే ఒప్పుకోలేదు. తన గదిలో చలువ ఉంది కదా, లేనివాళ్లకు ముందు వేయమంది. కుమ్మరివీధిలో ఒక ముసలాయన ఇంటి నుంచి మొదలుపెట్టాం. మర తిప్పగానే ఆయన గోడకు చెంప ఆనించి అలాగే ఉండిపోయాడు. కోడలు పిలిచినా కదల్లేదు.

మధ్యాహ్నం షిఫ్టులో సాయానికి భీమలింగప్ప వచ్చాడు. ఊళ్లో వయసొచ్చినవాళ్లందరూ ఏడాదికోసారి కేంద్రంలో పనిచేయాలి, సభ్యులు తప్ప. ఆయన ఇప్పుడు సభ్యుడు కాదు. చొక్కా చేతులు మడుచుకుని గేటు దగ్గర నిలబడి, "ఏం చేయల్లో చెప్పు," అన్నాడు. కుళ్లాయప్ప నావైపు చూశాడు. నేను పానా ఇచ్చి వెనకాల పైపుల దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయనకు పానా పట్టుకోవడం రాదు. రెండుసార్లు జారి వేలు చెక్కుకుంది. గుడ్డ కట్టుకుని మళ్లీ పట్టుకున్నాడు. ఈరమ్మ ఎలా ఉందని అడిగితే, నిన్నటి వాన కిటికీలోంచి చూసిందని, ఈ పొద్దు గంజి తాగిందని చెప్పాడు.

పైపు అవతలి వైపుకు వెళ్లి వంగినప్పుడు, నా ముఖం కనిపించని చోటు నుంచి అన్నాడు. "సుంకమ్మా. ఆ దినం నీకి లేదంటినే, అది తప్పు."

నేను పని ఆపాను.

"ఆ దినం మీరు మైకులో అంటిరి," అన్నాను. "ఊరంతా వినె. చప్పట్లు కొట్టె. తప్పని మాత్రం నాకొక్కదానికే చెప్తాండారు, పైపుల సందులో."

అవతల పానా నేలమీద పెట్టిన చప్పుడు అయింది. వెళ్లిపోతాడనుకున్నాను. లేచి ఇటువైపుకి వచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ రాత్తిరి తెరమీద రాస్తావు గదా."

"రోజూ రాస్తా."

"చౌడప్పకి చలువ ఇయ్యకపోవడం తప్పని, ఆ తప్పు భీమలింగప్ప చేసినాడని, వాడే చెప్పినాడని రాయి. కుటుంబ కారణాలని రాయొద్దు."

రాశాను. ఆయన చెప్పిన మాటలే రాశాను, ఒక్కటి కూడా మార్చలేదు.

తర్వాత ఆ పైపు ఇద్దరం చెరోవైపు పట్టి బిగించాం.